చేదిన చేదు

నేను ఒక ఇంజిన్ని. పొగ లేదు, కూత లేదు, పట్టాలు అసలే లేవు. పుట్టిన నాటినుంచి నా అంతట నేను ఒక్క అంగుళం కదిలిన పాపాన పోలేదు. అయినా నా పేరు బీరు ఇంజిను. ఆ పేరు పెట్టినవాడు తాగి పెట్టాడని మీరనుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. నన్ను తయారు చేసిన ఊళ్లో తాగకుండా పేరు పెట్టిన వస్తువు ఒక్కటీ లేదని విన్నాను.

బావిలో నీళ్లు చేదడం మీరు చూసే ఉంటారు. నాదీ అదే పని. బావి బదులు పీపా, తాడు బదులు గొట్టం, గిలక బదులు మూరెడు చెక్క పిడి. పిడి పట్టుకుని మీ వైపుకు లాగితే నా ఇత్తడి కడుపులో తోలుబిళ్ల బిగించిన కడ్డీ పైకి లేస్తుంది. బల్ల కింద పీపాలో ఉన్న బీరు గొట్టం ఎక్కి వచ్చి గ్లాసులో పడుతుంది. ఆ బీరేమో చేదు. చేదును చేదడం నా వృత్తి. తెలుగువాళ్లు ఈ రెండింటికీ ఒకే మాట పెట్టుకున్నది నా జాతకం చూసేననిపిస్తుంది.

నన్ను పోత పోసింది ఇంగ్లండులో, మసి తప్ప మరో రంగు తెలియని ఒక పట్నంలో. ఇత్తడి కరిగించి పోశాడు కాబట్టి నేను పుట్టాను. బీరు పోశాను కాబట్టి నేను బతికాను. పోయడం తప్ప మా వంశంలో ఎవరికీ వేరే విద్య రాలేదు. నన్ను పంపు అని కూడా అంటారు. పంపు అన్నారు గనక పంపేశారు. ఓడలో మద్రాసుకు, మద్రాసు నుంచి ఒక పటాలం మెస్సుకు. ఆ మెస్సులో చాలాకాలం మెసిలాను. అక్కడ నేను నేర్చుకున్నది ఒకటే. దాహం మనిషి గొంతులో పుట్టదు, పక్కవాడి గ్లాసులో పుడుతుంది.

తర్వాత దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. దొరలు సామాను సర్దుకున్నారు. వేళ మించిన వస్తువులన్నీ వేలంలో పడ్డాయి. నన్ను చూసి ఒకాయన కుట్టుమిషను కాలన్నాడు, ఇంకొకాయన సోడా మిషను మెడన్నాడు. వెనక వరుసలోంచి పిల్లికళ్ల మనిషి ఒకాయన లేచి వచ్చి, నా పిడి పట్టి మెల్లిగా లాగి, పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చినవాడిలా తల ఊపాడు. ఆయన పేరు లెస్టర్ రొజారియో. నెల్లూరు జిల్లాలో మద్రాసు లైను మీద రాళ్లమిట్ట జంక్షను ఉంది. అక్కడ రైలింజిను డ్రైవరు. ఆంగ్లో ఇండియన్. అంటే ఇంగ్లీషువాళ్లు తమవాడు కాదన్నారు, మనవాళ్లు తమవాడు కాదన్నారు, రైల్వేవాళ్లు మాత్రం మావాడే రమ్మన్నారు.

రొజారియో తల్లిని కన్న తండ్రి ఒక తెల్ల సోల్జరట. ఆయన కుటుంబానికి వదిలిపోయిన ఆస్తి రెండే రకాలు: పిల్లికళ్లు, ఇంట్లో బీరు కాసే పద్ధతి. ఆ పద్ధతిని రొజారియో కాచి వడపోశాడు. మీకు తెలిసిన బీరు సీసాలో చచ్చి, మంచులో చల్లబడి, మూత తీస్తే బుస్సుమంటుంది. ఇది అలాంటిది కాదు. పీపాలోకి పోశాక కూడా బతికే ఉంటుంది, లోపల మెల్లగా పులుస్తూనే ఉంటుంది. దాన్ని తెచ్చిపెట్టి, కదపకుండా ఉంచి, మడ్డి అడుగుకు దిగేదాకా ఓపిక పట్టి, అప్పుడు చేత్తో చేదుకోవాలి. తెరిచాక నాలుగైదు రోజుల్లో తాగెయ్యాలి. ఇంట్లో బీరు కాయడం చట్టం ఒప్పుతుందా అని ఎవరూ అడగలేదు. అడగవలసినవాళ్లు గ్లాసు పట్టుకుని వరసలో ఉండేవాళ్లు.

అయితే నెల్లూరు ఎండలో ఈ ఇంగ్లీషు వంట అంత తేలిగ్గా కుదరదు. బార్లీ గింజల్ని గోనెపట్టా మీద మొలకెత్తించి, ఆ మొలకను సన్నటి సెగ మీద ఆరబెట్టాలి. దంచి, వేడినీళ్లలో నానేసి, ఆ తియ్యటి నీళ్లు వడగట్టి మరిగించాలి. చేదు కోసం హాప్స్ అనే ఎండు పువ్వు వెయ్యాలి. అది మద్రాసు నుంచి వస్తే వచ్చినట్టు. ఆ తర్వాత పులియబెట్టాలి. ఏమేం కావాలో రొజారియోకి తెలుసు. అవి ఎక్కడ దొరుకుతాయో తెలిసిన మనిషి మాత్రం ఆయన ఇంజిన్లోనే, ఆయన పక్కనే నిలబడి బొగ్గు వేస్తున్నాడు.

అతను పెంచలయ్య. ఫైర్‌మన్. పేరుకు నిప్పు మనిషి, చూడబోతే నీళ్ల మనిషి. ఎంత సెగ తగిలినా పైకి పొంగేవాడు కాదు. లోకో షెడ్డులో పట్టాల మీద చల్లే ఇసుకను ఎండబెట్టే పొయ్యి ఒకటుండేది. దాని సెగ మీద బార్లీ మొలక ఆరబెట్టొచ్చని కనిపెట్టింది పెంచలయ్య. కల్లుకుండ అడుగు మడ్డి వేస్తే పులుస్తుందని తెచ్చి వేసింది పెంచలయ్య. హాప్స్ రాని ఏడు వేపపువ్వు దులిపి, నీడన ఎండబెట్టి, పంచెలో మూటగట్టి తెచ్చింది పెంచలయ్య. పీపాకు తడిగోనె చుట్టి, గంటగంటకూ నీళ్లు చల్లిందీ అతనే. ఇంజిను మీద ఆ ఇద్దరికీ మాటలే అక్కర్లేదనేవారు. రొజారియో కనుబొమ్మ ఎత్తితే పెంచలయ్య పార ఎత్తేవాడు.

నన్ను రైల్వేవాళ్ల క్లబ్బు ఇన్‌స్టిట్యూట్‌లో బిగించక ముందు కొన్నాళ్లు రొజారియో క్వార్టరు వెనక వసారాలో ఉంచారు. పెంచలయ్య నన్ను తొలిసారి చూసింది అక్కడే.

“ఏంది దొరా ఇది, బోరింగు పంపా?”

“పంపే మాన్. నీళ్లకు కాదు, బీరుకు.”

“అట్టయితే బోరింగు గాదు, బీరింగు అనండి.”

రొజారియో పడీపడీ నవ్వాడు. ఆ నవ్వులోనే అతని భుజం మీద చెయ్యి వేసి అన్నాడు. “పెంచల్, విను. నువ్వు డ్రైవర్ అయ్యే రోజు ఇన్‌స్టిట్యూట్‌కు రా. కౌంటర్ దగ్గర, అందరి ముందర, నేనే ఈ పిడి లాగి నీకు గ్లాస్ పోస్తా.”

“మాటేనా దొరా?”

“మాటే మాన్. నేను మాటంటే మాటే.”

మనుషులు మాట ఇచ్చేటప్పుడు వాళ్ల మొహాలు ఎంత బాగుంటాయో నేను అప్పుడు చూశాను. ఆ మొహాలు చూసే అవతలివాళ్లు నమ్మేది.

ఇన్‌స్టిట్యూట్ అంటే రైల్వే కాలనీ నడుమ పెంకుటిల్లు. చెక్క నేల, పియానో, బిలియర్డ్స్ బల్ల, ఒక మూల బారు. రాళ్లమిట్ట జనం దాన్ని డాన్సు కొట్టం అనేవారు. డ్రైవర్లు, గార్డులు, ఆపై అధికారులు సభ్యులు. ఫైర్‌మన్‌లకు ప్రవేశం లేదు. రూల్సు పుస్తకంలో రాసింది ఉద్యోగం గురించే. పాటించింది మాత్రం రంగు గురించి. గ్లాసులన్నీ ఒకటే, క్లాసులే వేరు. రైల్లో మూడో క్లాసుకైనా చోటు దొరుకుతుంది, బారులో అదీ లేదు.

ప్రతి శనివారం పొద్దున్నే పెంచలయ్య, ఇంకొక మనిషి కలిసి పీపాను కర్రకు కట్టి మోసుకొచ్చేవాళ్లు. వెనకవైపు మెట్ల దాకా. అక్కడ ఏసుదాసు అనే బట్లరు కాపలా.

“ఆడ్నే దించబ్బా. గడప దాటినావంటే సెక్రెటరీ దొర నా బిళ్ల పీకతాడు.”

“నేను లోపలికి రాంలే. ఒక్క సంగతి చెప్పు ఏసుదాసూ. దొర ఆ పిడి ఎట్టా లాగతాడు?”

“ఎట్టా లాగతాడు, గుర్రం కళ్లెం లాగినట్టు లాగతాడు. నీకెందుకా పంచాయితీ?”

“రేపు నాకు పోసేటప్పుడు తెలియక నిలబడి, నలుగురిలో నవ్వులపాలు కాకూడదని.”

“నీకు పోసేదా? నువ్వు డ్రైవరయ్యేలోపల ఈ పీపాలకు చెదలు పడతాయి పో.”

పెంచలయ్య నవ్వి పోయేవాడు. అతను తెచ్చిన వేపపువ్వు లోపలికి వచ్చేది, అతను మోసిన పీపా లోపలికి వచ్చేది, అతను మాత్రం గడప అవతల ఆగిపోయేవాడు. కాబట్టి గడప ఇవతల జరిగే ఒక చిన్న పని అతనికి ఎప్పటికీ తెలియలేదు. ఈ కథ మొత్తం ఆ పని చుట్టూ తిరుగుతుంది గనక దాన్ని మీకు చెప్పాలి.

నా పిడి తొలిసారి లాగినప్పుడు వచ్చేది బీరు కాదు. గొట్టం కడిగిన నీళ్లు, పీపా కుళాయి దగ్గర కదిలిన మడ్డి, రాత్రంతా నాలో నిలిచిన ఇత్తడి కంపు, అన్నీ కలిసి బురదలా వస్తాయి. దాన్ని బల్ల కింద బొక్కెనలో పోస్తారు. అలా ఒక గ్లాసు పారబోశాకే మంచిది మొదలవుతుంది. బీరు చేదే ప్రతివాడికీ ఇది అక్షరాభ్యాసం. రొజారియో ఒక్క శనివారం కూడా తప్పేవాడు కాదు. బొక్కెనలోది ఏసుదాసు పెంచుకునే పందులకు పోయేది. పందులు కూడా ఒకసారి మూతి పెట్టి, ఏసుదాసు మొహం చూసి, ఆ తర్వాత తాగేవి.

ఏళ్లు గడిచాయి. పెంచలయ్య బొగ్గు వేస్తూనే ఉన్నాడు, పరీక్షలు రాస్తూనే ఉన్నాడు, తప్పుతూనే ఉన్నాడు. చివరికి ఒక వేసవిలో డ్రైవరయ్యాడు. శనివారం సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ ముందు తలుపులోంచి వచ్చాడు. వెనక మెట్లు కాదు, ముందు తలుపు. తెల్లటి లాల్చీ, మడత నలగని పంచె, కొత్త చెప్పులు. నుదుటన బొట్టు చూస్తే దేవుడికి చెప్పుకుని వచ్చినట్టుంది. పియానో వాయిస్తున్నామె ఒక మీట తప్పింది. సభ్యులంతా విస్కీ గ్లాసుల మీదుగా చూశారు.

ఆయన కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అవును, ఆ పూటనుంచి నేను ఆయన అనే అంటాను.

“దొరా, వచ్చినా.”

రొజారియో మొహం వెలిగింది. ఆ వెలుగు అబద్ధం కాదు, నేను దగ్గర్నుంచి చూశాను. “రా మాన్ రా. డ్రైవర్ పెంచలయ్యా. ఇక్కడ నిలబడు.” పీపా అప్పుడే తెరిచారు. ఇంకా ఎవరికీ పోయలేదు. రొజారియో అలవాటుగా వంగి బొక్కెన ముందుకు జరిపాడు. నా పిడి మీద చెయ్యి వేశాడు.

పెంచలయ్యగారి ఊళ్లో పద్ధతి వేరు. పెళ్లిలో తొలి తాంబూలం అందుకున్నవాడే ఆ ఊరికి పెద్ద. గంప మామిడికాయలు కోస్తే తొలికాయ ఎవరి చేతిలో పెట్టారన్నదే మర్యాద. అన్ని ఏళ్లుగా గడప అవతల నిలబడి ఆయన దాచుకున్న కోరిక ఆ క్షణంలో నోట్లోంచి వచ్చేసింది.

“దొరా, మొదటి గ్లాసు నాకే పొయ్యాల. అందరికన్నా ముందర. అది నా కోరిక.”

క్లబ్బు సెక్రెటరీ అయిన గార్డు డెస్మండ్ పైవా పొట్ట నిమురుకుంటూ ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు. “ఇవ్వు లెస్టర్. మనిషి ప్రత్యేకంగా అడుగుతున్నాడు. పందుల వాటా ఒక్క వారం తగ్గితే ఏం?” పక్కనున్నవాళ్లు గ్లాసుల్లో మొహాలు దాచుకున్నారు.

ఒక్క మాట చాలు. “ఆగు మాన్, మొదటిది మురుగు, దాన్ని పారబోస్తాం, రెండోది నీది.” ఇంత మాట. దాన్ని అనడానికి డిగ్రీ అక్కర్లేదు, ధైర్యం కూడా పెద్దగా అక్కర్లేదు. రొజారియో అరచెయ్యి నా పిడి మీద చెమర్చింది. నల్లవాళ్ల దోస్తు అని ఆయన్ని అప్పటికే వెనక ఆడిపోసుకునేవాళ్లు. ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయిన దేశంలో ఆయనకంటూ మిగిలిన రాజ్యం ఆ బారు బల్ల ఒక్కటే. ఆ బల్ల దగ్గర ఒక పక్క నవ్వేవాళ్లు, ఒక పక్క అడిగేవాడు. బారు అంటే అడ్డుకర్ర అని ఆ రోజు నాకు అర్థమైంది.

ఆయన పిడి లాగాడు. గ్లాసు పట్టాడు. రంగు చూస్తే వానాకాలం పిల్లకాలువ.

పెంచలయ్యగారు రెండు చేతులతో అందుకున్నారు. కళ్లు మూసుకుని తాగారు. సగంలో గొంతు అడ్డం తిరిగింది, భుజాలు వణికాయి, అయినా ఆపలేదు. అడుగు చుక్క దాకా తాగి, మీసం తుడుచుకుని, నలుగురి వైపూ చూసి, “బాగుండాది దొరా” అన్నారు.

అప్పుడు పేలింది నవ్వు. పైవా బల్ల మీద చరిచి చరిచి నవ్వాడు. పెంచలయ్యగారు కూడా వాళ్లతో కలిసి నవ్వారు, నలుగురిలో కలిసినందుకు. రొజారియో ఒక్కడు నవ్వలేదు. గుడ్డ తీసుకుని నన్ను తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు. ఇత్తడి మెరిసింది, అంతే.

ఆ తర్వాత పెంచలయ్యగారు మళ్లీ బారుకు రాలేదు. ఒక్కసారి చాలన్నట్టున్నారు. కాని ఆ గ్లాసు మాత్రం ఆయనతోపాటు ఊరంతా తిరిగింది. స్టేషను బయట టీకొట్టులో, షెడ్డులో, బంధువుల పెళ్లిళ్లలో, ప్రతిచోటా ఆయన చెప్పేవారని ఏసుదాసు వచ్చి నవ్వుతూ వినిపించేవాడు. “రొజారియో దొర అందరికన్నా ముందర నాకు పోసినాడు. సెక్రెటరీ గూడా చూస్తా నిలబడ్డాడు.” కొడుకులకు చెప్పారు, కోడళ్లకు చెప్పారు. కొత్తగా చేరిన ఫైర్‌మన్‌లకు చెప్పి, మనిషంటే అట్టా ఉండాలన్నారు. ఒక్క గ్లాసు మురుగు ఒక మనిషి ఇంట్లో అన్ని ఏళ్లు గౌరవంగా నిలవుందంటే, అది ఇంగ్లండులోని ఏ పీపాలోనూ సాధ్యం కాదు.

బొగ్గు ఇంజిన్ల కాలం తీరింది. షెడ్డు మూతపడింది. కాలనీ క్వార్టర్లు ఒక్కొక్కటే తాళాలు వేసుకున్నాయి. పైవా కుటుంబం మద్రాసు వెళ్లిపోయింది, పియానో అమ్ముడుపోయింది, చెక్క నేల మీద గబ్బిలాలు డాన్సు చేశాయి. ఇన్‌స్టిట్యూట్ మూసిన రోజు రొజారియో నన్ను తనే ఊడదీసి రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటికి ఆయన రిటైరయ్యాడు. భార్య పోయింది. కూతురు మేబెల్ మద్రాసు పెరంబూరులో. తర్వాత పక్షవాతం ఒకసారి వచ్చి పలకరించి, కుడిచెయ్యిని సగం పట్టుకుపోయింది. నన్ను అప్పటికే వెనక వసారాలో ఒక బల్లకు బిగించి ఉంచాడు. ఏళ్లపాటు ఖాళీగా ఉన్నాను.

పెంచలయ్యగారు కూడా రిటైరయ్యారు. వారానికి నాలుగు సాయంత్రాలు వచ్చి, వసారా మెట్టు మీద కూర్చునేవారు. కుర్చీ వేసుకోమని రొజారియో అనేవాడు, ఇక్కడే గాలొస్తుందని ఈయన అనేవారు. ఒకనాడు రొజారియో అన్నాడు.

“పెంచల్, ఒక్క పీపా కాద్దామా మాన్? ఆఖరిది.”

“చెయ్యి లేదు గదా దొరా మీకు.”

“నాకు లేకపోతే నీకు ఉంది కదా.”

అలాగే జరిగింది. కుర్చీలో కూర్చుని రొజారియో చెప్పాడు, పెంచలయ్యగారు చేశారు. షెడ్డు పొయ్యి లేదు గనక బార్లీ మొలకను ఇంటి పెనం మీద ఆరబెట్టారు. సగం మాడింది. వేపపువ్వు మనవరాలి చేత కోయించి తెచ్చారు. తడిగోనె చుట్టారు, నీళ్లు చల్లారు. ఇద్దరూ పోట్లాడుకున్నారు కూడా.

“అది ఎక్కువ వేశావు మాన్. చేదు అవుతుంది.”

“తీపి కావాలంటే పాయసం కాచుకోండి దొరా.”

మడ్డి దిగేదాకా పీపాను కదపకుండా ఉంచారు. ఆ సాయంత్రం రానే వచ్చింది. రొజారియో చొక్కా మార్చుకుని, జుట్టు దువ్వుకుని కుర్చీలో కూర్చున్నాడు. పెంచలయ్యగారు నా ముందు నిలబడి చేతులు తుడుచుకున్నారు. జీవితంలో తొలిసారి ఆయన చెయ్యి నా పిడి మీద పడింది. బొగ్గు పార పట్టిన చెయ్యి, గట్టిది.

“బొక్కెన పెట్టుకో మాన్,” అన్నాడు రొజారియో వెనకనుంచి, జోళ్లు తుడుచుకుంటూ.

“బొక్కెనెందుకు?”

“మొదటి గ్లాస్ అందులో పొయ్యి. అది తాగేది కాదు. కడిగిన నీళ్లు, మడ్డి, అంతా వస్తుంది. పందులకు పోస్తారు దాన్ని. రెండోదినుంచి గ్లాస్ పట్టు.”

పిడి మీద చెయ్యి ఆగింది.

“ఎప్పుడూ అంతేనా దొరా?”

“ఎప్పుడూ అంతే. ఇన్‌స్టిట్యూట్‌లో అన్ని ఏళ్లు పోశాను, ఒక్కసారి తప్పలేదు.”

అబద్ధం ఆడుతున్నానని రొజారియోకి తెలియదు. అది నేను గట్టిగా చెప్పగలను. మరిచిపోయాడు. ఒకరు తలమీద పెట్టుకుని ఊరేగించిన రోజును ఇంకొకరు చెత్తలో వేసి మరిచిపోయారు. ద్రోహం చేశాడంటే కనీసం ఎదుటివాడు గుర్తున్నాడని అర్థం. ఇక్కడ అదీ లేదు.

పెంచలయ్యగారు నా వైపు తిరిగారు. ఆయన కళ్లలో ఆ బారు మళ్లీ తెరుచుకోవడం నాకు కనిపించింది. తెల్లటి లాల్చీ, గ్లాసుల్లో దాచుకున్న మొహాలు, పైవా బల్ల చరిచిన చప్పుడు. ఆ నవ్వుకు ఇన్నేళ్లకు అర్థం దొరికింది. తాను కూడా కలిసి నవ్విన సంగతి గుర్తొచ్చినట్టుంది, దవడ బిగుసుకుంది.

ఆయన బొక్కెనను కాలితో పక్కకు నెట్టారు. గ్లాసు పట్టారు. పిడి లాగారు. వచ్చినదాన్ని తీసుకెళ్లి రొజారియో చేతికిచ్చారు.

“తాగండి దొరా. మొదటిది మీకే.”

రొజారియో నవ్వుతూ అందుకుని ఒక గుక్క వేశాడు. చెయ్యి పోయినా నాలుక పోలేదు. గుక్క నోట్లోనే ఆగిపోయింది. గ్లాసు ఎత్తి వెలుతురులో పెట్టి చూశాడు. బొక్కెన వైపు చూశాడు, అది పొడిగా ఉంది. తర్వాత పెంచలయ్యగారి మొహం చూశాడు. ఆ చూపులో అన్నీ ఒకటొకటిగా వచ్చి చేరాయి.

మిగిలింది మొత్తం తాగాడు. మెల్లగా, గుక్కగుక్కా, మడ్డితో సహా. ఖాళీ గ్లాసు గడప మీద పెట్టాడు. కుర్చీ చేతుల మీద ఒత్తిడి వేసి లేచాడు, గోడ పట్టుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. ఇంకో గ్లాసు తీసుకుని ఎడమచేత్తో నా పిడి లాగాడు. ఆ చెయ్యి ఎన్నడూ నన్ను లాగినది కాదు. వంకరగా లాగాడు, సగం లాగి వదిలేశాడు, మళ్లీ లాగాడు. పెంచలయ్యగారు సాయం పట్టలేదు, చేతులు కట్టుకుని చూశారు. ముప్పాతిక గ్లాసు వచ్చింది. మాడిన బార్లీ వల్ల నల్లగా, అయినా తేటగా ఉంది. పైన సన్నటి నురగ. నా అంతట నేను చెప్పుకోకూడదు గాని, మంచి బీరు.

రొజారియో దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాపాడు. కుడిచెయ్యి వణికి నురగ మణికట్టు మీదుగా కారింది. నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు.

పెంచలయ్యగారు అందుకోలేదు.

“నాకు బీరు పడదు దొరా,” అన్నారు. గొంతులో కోపం లేదు. “ఆ పొద్దు గూడా పడలేదు. ఒక్క గుక్కకే కడుపులో తిప్పింది.”

“మరి మొత్తం ఎందుకు తాగావు పెంచల్?”

“మీరు పోసినారని.”

చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు.

తర్వాతి రోజు సాయంత్రం రొజారియో ఎడమచేత్తో ఒక గ్లాసు లాగి బొక్కెనలో పోశాడు. రెండోది లాగి, మెట్టు మీద, పెంచలయ్యగారు కూర్చునే చోట పెట్టాడు. చీకటి పడేదాకా చూసి పారబోశాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ. చెప్పాను కదా, తెరిచిన పీపా ఎక్కువ రోజులు ఆగదు. వారం తిరిగేసరికి అది పుల్లబడి, వసారా అంతా వెనిగరు వాసన వేసింది. చుట్టుపక్కలవాళ్లు ముక్కు మూసుకున్నారు. ఆయన అప్పటికీ పోస్తూనే ఉన్నాడు. రెండు వీధుల అవతలే పెంచలయ్యగారి ఇల్లు. పక్షవాతం కాలికి రాలేదు. రిక్షాలున్నాయి. పోయి తలుపు తట్టి ఒక్క మాట అనవచ్చు. పిల్లికళ్లు మెట్టు మీదికి చూస్తూ ఉండేవి గాని, ఆ మెట్టు ఆయన దిగలేదు. మనుషులు క్షమాపణ చెప్పడానికి ఎంత దూరమైనా వెళతారు, అవతలివాళ్ల ఇంటికి తప్ప.

వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం కుర్చీలోనే పోయాడు. సమాధుల తోటకు వెళ్లడానికి కాలనీలో మిగిలిన మనుషులు చాలలేదు. పెంచలయ్యగారు వచ్చారు. పెట్టెకు ముందువైపు భుజం పట్టారు. మట్టి వేశారు. కళ్లు తుడుచుకున్నారని ఏసుదాసు అన్నాడు. చెమట అని కూడా అతనే అన్నాడు.

ఇల్లు ఖాళీ చెయ్యడానికి వచ్చిన మేబెల్ నన్ను చూపించి అంది. “పెంచలయ్యా, ఈ పంపు నీకే ఇమ్మని డాడీ పోయిన నెల చెప్పాడు. నువ్వు తీసుకుపో.”

“ఇంకేమన్నా చెప్పినాడా అమ్మా?”

మేబెల్ ఆలోచించింది. “లేదు. ఇదే చెప్పాడు. ఎందుకు?”

“ఊరికే అడిగినా.” ఆయన నన్ను చూడకుండానే తల అడ్డంగా ఊపారు. “నాకెందుకమ్మా ఇది. మా ఇంట్లో తాగేవాళ్లు లేరు. పాతసామానోళ్లకు వేసెయ్యి. నేను ఊడదీసి పెడతాను.”

స్పానరు తెచ్చి బోల్టులు వదులు చేశారు. అన్ని ఏళ్లు ఇంజిన్లతో కాపురం చేసిన చెయ్యి, ఒక్క మర కూడా చెడగొట్టలేదు. గొట్టంలో నిలిచినది బండిలో కారకూడదని, బయట మట్టిలోకి గొట్టం వంచి పిడి ఒకసారి లాగి వదిలారు. పుల్లటి నీళ్లు జారి నేలలో ఇంకిపోయాయి. నన్ను బండి మీద పెట్టి, దొర్లకుండా పక్కన ఇటుక పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకున్నారు.

ఇప్పుడు నెల్లూరులో ఒక పాత ఇనుప కొట్టు వెనక ఉన్నాను. ఒక పక్క తుప్పు బట్టిన పిండిమర, ఇంకో పక్క చక్రాలు లేని సైకిళ్లు. ఇత్తడి కాబట్టి తుప్పు పట్టను, పచ్చబడతానంతే. ఎప్పుడో ఒకనాడు కరిగించి చెంబులు చేస్తారు. బావిలో పడినా, బల్ల మీదున్నా నాకు చేదడమే రాసిపెట్టి ఉంది. మూడడుగుల కిందున్న పీపాలోంచి ఎంతటి చేదునైనా పైకి లాగాను. ఒక మనిషి గొంతులో జానెడు లోతున ఉన్న మాటను లాగే ఇంజిను ఇంతవరకు ఎవరూ పోత పొయ్యలేదు.

నిన్న కొట్టు యజమాని భార్య బట్టలు ఆరెయ్యడానికి వచ్చి, నా పిడి చూసి ముచ్చటపడి ఒకసారి లాగింది. ఖాళీ గొట్టం గాలి పీల్చి, సగంలో ఆగింది.

“ఏందయ్యా ఇది,” అంది మొగుడితో, “ఏందో చెప్పబోయి మింగినట్టుండాది.”

“అందులో ఏముండాది చెప్పేదానికి,” అన్నాడతను లోపల్నుంచి. “తోలు ఎండిపొయ్యింది, అంతే.”